నూటెనిమిది ఎవరిది?

పోయినవారం మనం శ్రీదివ్యని పాలకొల్లు బజారువీధిలో, అత్తగారి ఇత్తడి సామాన్ల కొట్టు మేడమీద, కొత్త కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. అప్పటికి గురువారం మధ్యాహ్నం మూడు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. నాలుగింటికి ఆ తెరమీద ఆమె భర్త ఉదయ్‌భాస్కర్ మొహం కనబడాలి. మస్కట్‌లో ఏదో కంపెనీలో స్టోర్స్ చూసుకునే ఉద్యోగమని పద్నాలుగు నెలల క్రితం వెళ్ళిన మనిషి, ఆరు నెలలుగా గొంతు వినిపించడమే తప్ప మొహం చూపించడం లేదు. క్యాంపులో కెమెరా వాడనివ్వరన్నాడు. తర్వాత కెమెరా పాడైందన్నాడు. ఆ తర్వాత సిగ్నల్ లేదన్నాడు. విని విని శ్రీదివ్య ఒకటే మాట చెప్పింది. "గురువారం నాలుగింటికి మీ మొహం చూపించండి. లేదంటే ఐదింటి బస్సుకి పెనుగొండ మా అమ్మావాళ్ళింటికి వెళ్ళిపోతాను. మళ్ళీ ఈ గుమ్మం ఎక్కను." ఆశ్చర్యం, ఉదయ్‌భాస్కర్ ఒప్పుకున్నాడు. సరిగ్గా మనం వచ్చేసే వేళకి కంప్యూటర్ మూలనున్న వైఫై గుర్తు మాయమై, దాని చోట గ్లోబు బొమ్మ వచ్చి కూర్చుంది. ఇంటర్నెట్ లేదు.

శ్రీదివ్య ఊరికే బెదిరించే మనిషి కాదు. సంచి సర్దేసి గుమ్మం పక్కన పెట్టింది కూడా. నాలుగు చీరలు, పెళ్ళినాటి వెండి కుంకుమభరిణ, ఆధార్ కార్డు. పొద్దుటినించి ఆ సంచిని దాటుకుంటూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. వెళ్ళాలని లేదు ఆమెకి. వెళ్ళాల్సి వస్తుందేమోనని భయం. ఆ భయంతోనే ఇప్పుడు కంప్యూటర్ని ఆపి మళ్ళీ వేసింది. వైఫై తీసి మళ్ళీ పెట్టింది. వెనకాల ఏంటెనాలు రెండూ గట్టిగా బిగించింది. సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉన్నాయి. ఇంటర్నెట్ మాత్రం లేదు.

చేతిలో ఉన్న ఫోన్ చూస్తే, అదే వైఫైమీద చక్కగా పనిచేస్తోంది. ఎవరో చేసిన గుత్తివంకాయ కూర వీడియో దానంతటదే ఆడేస్తోంది. శ్రీదివ్యకి ఒళ్ళు మండిపోయింది. ఫోన్‌కి వచ్చే వైఫై పక్కనే ఉన్న కంప్యూటర్‌కి రాకపోవడం ఏంటి? పోనీ నాలుగింటికి ఫోన్‌లోనే చూడొచ్చు కదా అని మీరనొచ్చు. ఆ మాట అత్తగారు సంపూర్ణమ్మ కూడా అంది. అరచేయంత తెరమీద మనిషి బాగున్నాడో లేదో ఏం తెలుస్తుంది? కాస్త వెలుతురు తగ్గించుకుని కూర్చుంటే ఎవరైనా బాగున్నట్టే ఉంటారు. ఇరవై ఏడు అంగుళాల తెరమీదయితే కళ్ళకింద నలుపు కూడా దాగదు. కొట్లో సామాన్ల ఫొటోలు బయటి ఊళ్ళకి పంపడానికని చెప్పి పదకొండు రోజుల క్రితం ఈ కంప్యూటర్ కొనిపించింది గానీ, అసలు కారణం ఇంట్లో అందరికీ తెలుసు. అందరూ అంటే అత్తాకోడళ్ళు ఇద్దరే అనుకోండి.

ఈ కంప్యూటర్‌కి మొదటినించీ నలతే. ఇంటికి కొత్త వస్తువొస్తే పసుపు పెట్టకుండా ముట్టుకోనివ్వదు సంపూర్ణమ్మ. ఆ రోజు పెట్టెకి ముందువైపు బొట్లు పెట్టి, వెనక్కి తిప్పి చూస్తే, ఏంటెనాలు బిగించే మొలలు రెండు బంగారు రంగులో మెరుస్తూ కనబడ్డాయి. "అచ్చం చెవిదుద్దుల్లా ఉన్నాయే," అని మురిసిపోయి వాటికీ తడిపసుపు దట్టంగా అద్దింది. దానిమీదే ఏంటెనాలు బిగించేశారు. రెండు రోజులపాటు సిగ్నల్ ఒక గీత దాటితే ఒట్టు. మూడోనాడు కంప్యూటర్లు బాగుచేసే గణేష్‌బాబు వచ్చి, ఏంటెనాలు విప్పి, ఆ ఎండిన పసుపు గోటితో గీకి చూశాడు. పాత టూత్‌బ్రష్‌తో అంతా రాల్చి మళ్ళీ బిగించాక గీతలన్నీ నిండాయి.

పనిలో పనిగా ఇంకో ఉపకారం కూడా చేశాడు. రూటరనేది ఇంట్లో ప్రతి ఫోనుకీ, కంప్యూటర్‌కీ ఒక నంబరు ఇస్తుందట. ఇంటికి డోరు నంబరులాంటిది, అది చూసుకునే ఎవరి కబురు వాళ్ళకి చేరుతుంది. ఆ నంబరు మారిపోతూ ఉంటుంది కాబట్టి కంప్యూటర్‌కి ఒకటి ఖాయంగా పెట్టేస్తే గొడవుండదన్నాడు. "రెండొందల యాభైలోపు ఏదో ఒకటి చెప్పండక్కా."

"నూటెనిమిది పెట్టు," అంది శ్రీదివ్య ఆలోచించకుండా.

"ఆంబులెన్స్ నంబరాండీ?" అని నవ్వాడు గణేష్‌బాబు.

వాడికేం తెలుసు! ఆ ఇంట్లో పొద్దున్నే అమ్మవారి అష్టోత్తరం నూటెనిమిది నామాలూ పూర్తయ్యాకే కింద కొట్టు షట్టరు లేస్తుంది. ఉదయ్‌భాస్కర్ స్కూటరు నంబరు నూటెనిమిది. సూట్‌కేసు తాళం నంబరు కూడా అదే, ముందు ఒక సున్నా పెట్టుకుని. కోడలిగా వచ్చిన ఆరేళ్ళలో శ్రీదివ్యకీ ఆ అలవాటు ఒంటబట్టింది. ఏ నంబరు చెప్పమన్నా ముందు నోటికి వచ్చేది అదే.

నంబరు పెట్టాక ఒక్క రోజు బ్రహ్మాండంగా నడిచింది. ఆ మర్నాటినించి మళ్ళీ ఇదే వరస. కాసేపు ఉంటుంది, పోతుంది, దానంతటదే వస్తుంది. ఎనిమిది రోజులుగా పోయిన వేళలన్నీ గోడమీద కేలండర్లో ఆ తేదీ గళ్ళలోనే పెన్సిల్‌తో రాస్తోంది శ్రీదివ్య. ఆదివారం కావలసిన మనిషి దగ్గరనించి ఫోనొచ్చిన సమయానికి కూడా పోవడం తన ఖర్మ అనుకుంది.

మూడూ ఐదయింది. మెట్లమీద అడుగుల చప్పుడు. సంపూర్ణమ్మ ఆయాసపడుతూ పైకొచ్చింది. అరవై రెండేళ్ళ మనిషి, భర్త పోయినప్పటినించి కొట్టు ఒక్కచేత్తో నడుపుతోంది. మనిషి ఎదురుగా ఉంటే గోడకి కూడా ధైర్యం వస్తుందంటారు బజార్లో. ఆ మనిషి ఇవాళ కోడలి కళ్ళలోకి చూడకుండా, రూటరున్న అలమర దగ్గరికి వెళ్ళి తన ఫోన్ చార్జింగ్‌కి పెట్టింది.

"వచ్చిందా?"

"రాలేదండి."

"పోనీలేవే. ఫోన్లోనే మాట్లాడుకో. మొహంలో ఏముంటుంది, మనిషి క్షేమంగా ఉంటే చాలదూ?"

"మొహంలోనే ఉంటుందండీ క్షేమం." శ్రీదివ్య మౌస్ వదిలేసి వెనక్కి తిరిగింది. "ఆయన గొంతు విన్నారా మీరు ఈమధ్య? మాట మాటకీ మధ్య మింగుతున్నారు. అన్నం తింటున్నారా అంటే తింటున్నానంటారు. ఏం కూరండీ అంటే చెప్పరు. నాకు భయంగా ఉంది అత్తయ్యగారూ. ఒంట్లో బాగోలేదేమో. లేకపోతే ఇంకెవరన్నా..." ఆ మాట పూర్తిచెయ్యలేకపోయింది.

"ఛ! నోరు ముయ్యి," అంది సంపూర్ణమ్మ. కసిరినట్టు లేదు, బతిమాలినట్టుంది. "వాడు అలాంటివాడు కాదని నీకూ తెలుసు. తింటున్నాడులే. బాగానే తింటున్నాడు."

"మీకెలా తెలుసండి?"

సంపూర్ణమ్మ చీర కొంగుతో మెడ తుడుచుకుంది. "తల్లిని. ఆమాత్రం తెలీదా? చూడు దివ్యా, నాలుగు రోజులు ఆగు. ఆ సంచి లోపల పెట్టు. కింద కొట్లో కూర్చున్నానన్న మాటే గానీ, గుమ్మంలో ఆ సంచి తల్చుకుంటే నాకు కాళ్ళాడట్లేదు."

ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. శ్రీదివ్యకి జాలేసింది. ఈ ఇంట్లో ఆమెకి మొగుడితో కంటే అత్తగారితోనే ఎక్కువ కబుర్లు. సినిమాకి వెళ్ళినా ఇద్దరే, పంటి నొప్పికి నరసాపురం వెళ్ళినా ఇద్దరే. అలాంటి మనిషి కొన్నాళ్ళుగా కబుర్లు తగ్గించేసింది. కొడుకుమీద బెంగనుకుని ఊరుకుంది శ్రీదివ్య.

"నాలుగింటిదాకా ఆగుతానండి. నాలుగు రోజులు మాత్రం ఆగలేను. ఆరు నెలలు ఆగాను," అంది. మాట మరీ కటువుగా ఉందనిపించి వెంటనే తగ్గింది. "మీరు అన్నం తిన్నారా? వీరబ్రహ్మంగారికి పెట్టేశారా?"

"ఆ... పెట్టేశాను."

"పనసపొట్టు కూరేనా?"

"అదే."

వారంలో రెండోసారి ఆవపెట్టిన పనసపొట్టు. ఇత్తడి గిన్నెలకి కళాయి వేసే వీరబ్రహ్మంగారికి అంత రాజభోగం ఎందుకో శ్రీదివ్యకి అర్థం కావట్లేదు. ఏళ్ళ తరబడి ఆయన పెరటి అవతల గోడౌన్లో పనిచేస్తున్నాడు, మధ్యాహ్నం ఇంత పప్పూ అన్నం ఇక్కణ్ణించే వెళ్తుంది. ఈమధ్య పొద్దున్న టిఫిను కూడా వెళ్తోంది. కేరేజీ సంపూర్ణమ్మే స్వయంగా పట్టుకెళ్తోంది. తను తీసుకెళ్తానంటే, "కళాయికి వాడే నవసాగరం పొగ నీకు పడదు, దగ్గొస్తుంది," అని తాళంచెవి బొడ్లో దోపుకుని వెళ్ళిపోతుంది.

కిందనించి ఎవరో కేకేశారు. పెళ్ళివాళ్ళొచ్చారు, బిందెలు చూపించాలి. "వస్తున్నానండీ!" అంటూ సంపూర్ణమ్మ గబగబా మెట్లు దిగింది. చార్జింగ్‌లో ఉన్న ఫోను అలమర మీదే ఉండిపోయింది.

మూడూ పద్నాలుగు. శ్రీదివ్య గణేష్‌బాబుకి ఫోన్ చేసింది.

"చెప్పండక్కా. మళ్ళీ పోయిందాండి?"

"పోయింది గణేషూ. ఇంక నలభై ఆరు నిమిషాలే ఉంది. నువ్వు రాలేవా?"

"భీమవరంలో ఉన్నానండి, కాలేజీ లాబ్ పని. ఫోన్లో చెప్తాను, మీరు చెయ్యండి. గీతలు నిండుగా ఉన్నాయాండి?"

"ఉన్నాయి."

"ఫోన్‌కి వస్తోందాండి?"

"ఫోన్‌కి వస్తోంది. దీనికే మాయరోగం."

"మరయితే లైను తప్పు కాదు, ఏంటెనా తప్పూ కాదండి. పోయినప్పుడు కింద మూల ఏమన్నా రాసొస్తోందాండి?"

వస్తోంది. రోజూ వస్తోంది. ప్రకటనేమో అనుకుని చదవకుండానే ఇంటూ మార్కు కొట్టేస్తోంది ఇన్నాళ్ళూ. ఈసారి గంట గుర్తుమీద నొక్కి, పాత సందేశాలన్నీ తెరిచి, పైనున్నది చదివింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని మనసులో తెలుగు చేసుకుంటూ నెమ్మదిగా చెప్పింది. "ఈ నెట్‌వర్క్‌లో ఇంకో కంప్యూటర్‌కి కూడా ఇదే ఐపీ అడ్రస్ ఉంది, అంటోంది."

"ఆయ్! దొరికిందండి!" గణేష్‌బాబు గొంతులో హుషారు వచ్చేసింది. "మనం నూటెనిమిది పెట్టాం కదండీ. ఆ నంబరుతోనే ఇంకోటేదో మీ వైఫైలోకి వస్తోంది. ఒకే డోరు నంబరు రెండిళ్ళకి ఉంటే ఏమవుద్దండి? పోస్టుమాను ఎక్కడివ్వాలో తెలీక తిరుగుతాడు. అది వచ్చినప్పుడల్లా మీది పోతుంది, అది వెళ్ళిపోతే మీది వస్తుంది."

"ఇంకోటేంటి? ఇంట్లో నా ఫోను, అత్తయ్యగారి ఫోను, ఇది. అంతే కదా."

"పక్కింటివాళ్ళకి పాస్‌వర్డు ఏమన్నా ఇచ్చారాండి?"

"ఎవరికీ ఇవ్వలేదు."

"అయితే రూటర్నే అడుగుదామండి. ఎవరెవరు వచ్చారో చిట్టా ఉంటుంది దాన్లో. మీ ఫోన్లోనే తెరవండి, నేను స్పీకర్లో ఉంటాను."

అతను చెప్పిన అంకెలు కొట్టింది. రూటర్ పేజీ వచ్చి పాస్‌వర్డు అడిగింది. మామూలుగా కంపెనీవాళ్ళు పెట్టేవి రెండు చెప్పాడు గణేష్‌బాబు. రెండూ తప్పే. "ఇది పెట్టింది ఉదయ్ అన్నయ్యగారు కదండీ. మార్చేసుంటారు. చూసి కొట్టండక్కా, ఐదుసార్లు తప్పితే కాసేపు తాళం పడిపోద్ది."

ఇంక మూడే. కొట్టు పేరు కొట్టింది. తప్పు. అత్తగారి పేరు, పక్కన నూటెనిమిది. తప్పు. ఒక్కటే మిగిలింది. మూడూ ఇరవై ఆరు. చేతికి చెమట పట్టి ఫోను జారుతోంది. శ్రీదివ్య పమిటకి చెయ్యి తుడుచుకుని, తన పేరే కొట్టింది. దివ్య. పక్కన నూటెనిమిది.

తెరుచుకుంది.

మూడేళ్ళ క్రితం ఈ రూటర్ బిగిస్తూ, ఎవరూ చూడరనుకునే చోట, ఆ మనిషి తన పేరు రాసుకున్నాడు. కోపంలో ఉన్నప్పుడు ఇలాంటివి కంటబడకూడదు. పడితే కోపం మీద పట్టు సడలుతుంది. గుమ్మం పక్కనున్న సంచివైపు ఒకసారి చూసి, మళ్ళీ ఫోన్లోకి చూసింది.

"వచ్చిందాండి? అందులో ఖాయం చేసిన నంబర్లని ఉంటుంది, అది నొక్కండి."

నొక్కింది. పట్టికలో ఒక్కటే వరుస ఉంది. నంబరు చివర నూటెనిమిది. దానికెదురుగా ఇంగ్లీషులో ఒక పేరు. ఉదయ్ ఫోన్.

దాని పక్కన ఆకుపచ్చ చుక్క. ఆ చుక్క పక్కన సమయం. రెండూ యాభై నించి.

శ్రీదివ్య ఆ వరుసని నాలుగుసార్లు చదివింది. అది మస్కట్‌లో ఉన్న ఫోను. విశాఖపట్నంలో విమానం ఎక్కిన రోజు అతని చేతిలో ఉన్న ఫోను. ఇంట్లో వదిలేసిన పాతదేమీ కాదు, అతనికున్నది అదొక్కటే.

"అక్కా, ఏం కనబడుతోందండి?"

"గణేషూ," అంది, తన గొంతు తనకే వేరేగా వినబడింది. "మన వైఫై ఎంత దూరం వెళ్తుంది?"

"ఆ రూటరాండి? మహా అయితే మీ పెరటి చివరిదాకా. ముందువైపయితే వీధిలోకి కూడా సరిగ్గా రాదు. ఏంటండీ, మస్కట్ దాకా వెళ్ళాలాండి?" అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

శ్రీదివ్య నవ్వలేదు. ఆమె కళ్ళు గోడమీది కేలండర్ మీదికి వెళ్ళాయి. తేదీ గళ్ళలో తన పెన్సిల్ రాతలు. ఏడుంబావు. ఒంటిగంటన్నర. ఏడూ ఇరవై. ఒంటిగంటా నలభై. ఎనిమిది రోజులూ ఇంచుమించు అవే వేళలు. ఆదివారం మాత్రం సాయంత్రం ఐదింటికి ఒకటి ఎక్కువుంది, అది అతను ఫోన్ చేసిన వేళ. వైఫై పోయే వేళలని రాసుకుంది ఇన్నాళ్ళూ. ఇప్పుడు చూస్తుంటే అవి కేరేజీ వెళ్ళే వేళలు. తింటూ ఫోన్ చూసుకోవడం అతనికి మొదటినించీ అలవాటు.

"మీ నాన్నగారు ఇవాళ మా గోడౌన్లో పనికి వచ్చారు కదా?" అని అడిగింది మెల్లిగా. కళాయి వీరబ్రహ్మం కొడుకే గణేష్‌బాబు.

"నాన్నాండి? అదేంటండీ, మీకు తెలీదా? మీ కంప్యూటర్‌కి నంబరు పెట్టి వెళ్ళిన మర్నాడే సైకిల్ మీంచి పడ్డారు. కాలికి కట్టేశారు, మంచం మీదే ఉన్నారు. పెద్దమ్మగారికి ఆవేళే వచ్చి చెప్పాను కదండీ. పాపం, ఆవిడ బత్తాయిలు కూడా పంపారు."

శ్రీదివ్య కిటికీ దగ్గరికి నడిచింది. కింద పెరడు, బట్టలారేసిన దండెం, నూతి పళ్ళెం, దాని అవతల పెంకుల కప్పు గోడౌను. గట్టిగా ముప్పై అడుగులు. తలుపుకి బయట తాళం వేలాడుతోంది. పెరటివైపు చిన్న కిటికీ రెక్క ఓరగా తెరిచి ఉంది. గాలి ఇటే వీస్తోంది. ఆ గాలిలో తడిబట్టల వాసనుంది, కింద కొట్లో ఇత్తడి తోమే చింతపండు పులుసు వాసనుంది. కళాయి వేసేటప్పుడు ముక్కు మండించే నవసాగరం వాసన మాత్రం లేదు. ఎనిమిది రోజులుగా లేదు. రోజూ తనకి పడదని అత్తగారు భయపెట్టిన పొగ, అసలు లేవనే లేదు.

"అక్కా? లైన్లో ఉన్నారాండి? ఆ నంబరు తీసేసి మీకు ఇంకోటి పెట్టేద్దామండి, రెండు నిమిషాల పని."

"వద్దు గణేషూ. ఉంచు," అని ఫోన్ పెట్టేసింది.

మూడూ ముప్పై ఐదు. నిలబడలేక కుర్చీలో కూర్చుంది. కూర్చోలేక లేచింది. పొంగుకొస్తున్నది కోపమో, సంతోషమో ఆమెకే తెలియట్లేదు. బతికున్నాడు. దగ్గరున్నాడు. అమ్మ వండిన పనసపొట్టు తింటున్నాడు. ముప్పై అడుగుల దూరంలో కూర్చుని తనకి మస్కట్ కబుర్లు చెప్తున్నాడు. మొన్న ఆదివారం, "ఇక్కడ ఎండలు పేలిపోతున్నాయి దివ్యా," అన్నాడు. అప్పుడు తను జాలిపడి మజ్జిగ తాగండి అని చెప్పింది. ఆ మాట గుర్తొచ్చేసరికి సిగ్గుతో చెంపలు వేడెక్కాయి.

ఎందుకు? ఎవరినించి దాక్కున్నాడు? ఎవరినించో అయితే తనకెందుకు చెప్పలేదు? తననించే అయితే, ఆ పాస్‌వర్డు ఏంటి?

కిందకి పరిగెత్తి అత్తగారిని నిలదీద్దామా అనుకుంది. పెళ్ళివాళ్ళ మధ్య సంపూర్ణమ్మ నవ్వుతూ బిందెల బరువులు చెప్తోంది, ఆ గొంతు పైకి వినబడుతూనే ఉంది. నిలదీస్తే ఏడుస్తుంది. ఏడుస్తూ ఇంకో అబద్ధం చెప్తుంది. ఈ ఇంట్లో ఇంక ఎవరు చెప్పినా నమ్మబుద్ధి కావట్లేదు. నిజానికి ఈ పూట తనకి నిజం చెప్పింది ఆ కంప్యూటరొక్కటే. ఎనిమిది రోజులుగా చెప్తూనే ఉంది పాపం, తనే ఇంటూ మార్కు కొట్టి నోరు నొక్కేసింది.

అయినా మనసు ఒప్పుకోవట్లేదు. అత్తగారు ఆ ఫోను ఎలాగో తెప్పించుకుని వాడుతోందేమో. ఎవరన్నా దొంగ తెచ్చి అమ్మేశాడేమో. ఆకుపచ్చ చుక్కని నమ్మి ముప్పై అడుగులు నడిచి, ఆ తలుపు ముందు పిచ్చిదానిలా నిలబడితే?

గణేష్‌బాబు మాట గుర్తొచ్చింది. అది వచ్చినప్పుడల్లా మీది పోతుంది. మరి తనే దాని నెట్ పోగొడితే, అక్కడున్నవాళ్ళు ఊరుకుంటారా?

శ్రీదివ్య అలమర దగ్గరికి వెళ్ళింది. రూటర్ మీద నాలుగు దీపాలు గబగబా మినుకుతున్నాయి. పక్కనే అత్తగారి ఫోను చార్జింగ్‌లో ఉంది. రూటర్ స్విచ్ మీద వేలు పెట్టింది. గడియారం మూడూ నలభై ఒకటి చూపిస్తోంది. ఈ స్విచ్ నొక్కితే, నాలుగింటికి ఏమీ జరగనట్టు తెరముందు కూర్చుని, అతను చెప్పేదంతా నమ్మే అవకాశం ఇంక ఉండదు. నమ్మాలని ఉంది ఆమెకి. చాలా ఉంది. కళ్ళు మూసుకుని నొక్కేసింది.

దీపాలు ఆరిపోయాయి. ఫేను తిరుగుతున్న చప్పుడు ఒక్కటే మిగిలింది. మనసులో అంకెలు లెక్కపెట్టుకుంది. పది. ఇరవై. ముప్పై. ఏం లేదు. కింద ఎవరో బిందె మీద వేలితో కొట్టి మోత చూస్తున్నారు. నలభై. తను పొరబడింది, అంతే. ఏదో మిషను లెక్క తప్పింది. ఊరికే అత్తగారిని...

అత్తగారి ఫోను మోగింది.

తెరమీద పేరు చూసి శ్రీదివ్యకి ఊపిరి వచ్చింది. కళాయి వీరబ్రహ్మం. పాపం కాలు నొప్పితో ఏదో చెప్పడానికి చేసుంటాడు. అత్తయ్యగారు కొట్లో ఉన్నారని చెప్పి పెట్టేద్దామని ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకుంది. నోరు తెరిచేలోపే అవతల గొంతు గుసగుసగా, తొందరగా మొదలుపెట్టేసింది.

"అమ్మా, నెట్ పోయిందే. నాలుగవుతోంది, పైకెళ్ళి ఆ రూటర్ ఒకసారి ఆపి వెయ్యవే. దివ్య అడిగితే కరెంటు పోయిందని చెప్పు. వెనకాల తెల్ల దుప్పటి కట్టేశాను, బిందెలేం కనబడవులే. గెడ్డం కూడా గీసేసుకున్నాను. అమ్మా? వినబడుతోందా?"

వీరబ్రహ్మం పేరు కింద అత్తగారు దాచుకున్నది కొడుకు నంబరు. దాదాపు ఐదేళ్ళు పక్కన పడుకుని విన్న గొంతు. మాట మాటకీ మధ్య మింగుతున్న గొంతు. శ్రీదివ్య అలమర పట్టుకుని నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి గానీ, మాట మాత్రం నిలకడగా వచ్చింది.

"వేస్తానండి," అంది. "మీరు మాత్రం అక్కణ్ణించి కదలకండి."

ఆ వెంటనే ఫోన్లో ఇత్తడి బిందె ఒకటి కిందపడి దొర్లుకుంటూ వెళ్ళిన చప్పుడైంది. అదే చప్పుడు, అదే క్షణంలో, పెరటి కిటికీలోంచి కూడా వినబడింది.